కుంకుమ భరిణెలో పుప్పొడి

గోల్‌బజార్ నుంచి కొబ్బరిబోండాల సంచీ మోసుకుంటూ ఇంట్లో అడుగుపెట్టేసరికి, మా ఆయన నా కలువాకుల మీద పడుకుని నిద్రపోతున్నాడు.

నేను ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఆయన కింద ఉన్నది అరటాకు. ఇప్పుడున్నవి మేడ మీద తొట్లలో కంటికి రెప్పలా కాపాడుకుంటున్న నా కలువల ఆకులు. మచ్చలున్నవి, అంచు ఊదారంగులో ఉండేవి, అడుగువైపు ఎర్రగా ఉండేవి, అన్నీ చాప నిండా పరిచి ఉన్నాయి. వాటి మీద ఆయన ఒంటి నిండా పొక్కులతో వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. పక్కన కూర్చుని మా అత్త వేపమండతో విసురుతోంది. సంచీ చేతిలోంచి జారి నా కాలి మీదే పడింది. ఆ నొప్పి నాకు సాయంత్రం గాని తెలియలేదు.

"అత్తా, ఏటిది?" అన్నాను.

"సప్పుడు సెయ్యకు," అంది అత్త, పెదవుల మీద వేలు పెట్టి. "అమ్మ ఇప్పుడే కళ్ళు మూసింది."

అమ్మ అంటే మా ఆయనే. వినేవాళ్ళకి నవ్వొస్తుంది గాని, ఖరగ్‌పూర్ వచ్చి మూడు తరాలైనా మా తెలుగు ఇళ్ళలో ఈ ఆచారం చెక్కు చెదరలేదు. ఆటలమ్మ పోసిన మనిషి సాక్షాత్తూ అమ్మవారు. గుమ్మానికి వేపమండలు కట్టాలి. తాలింపు వెయ్యకూడదు, నీచు వండకూడదు, తల దువ్వకూడదు, పచ్చనిదాన్ని కత్తి పెట్టి కొయ్యకూడదు, ఇంట్లో గొంతు పెంచి మాట్లాడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మంచం పట్టిన మనిషి ఏది అడిగినా లేదనకూడదు. అడుగుతున్నది అమ్మ గదా. నీళ్ళు పోసే రోజు వరకూ ఇంట్లో ఆ నోటిదే రాజ్యం.

మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. బుర్రమీసాలు, ఇనుము ఎత్తి ఎత్తి కాయలు కాసిన చేతులు. చిన్నప్పుడు పొయ్యని ఆటలమ్మ ఈ ఎండాకాలం మొదట్లో, యాభై దాటాక పోసింది. డాక్టరు మాత్రలూ, ఒంటికి పూసుకోవడానికి గులాబిరంగు లోషనూ రాసిచ్చాడు. మాత్రలకి అత్త ఎలాగో ఒప్పుకుంది. లోషను చూసి మాత్రం, "అమ్మోరి ఒంటికి సున్నం కొడతారేటి?" అని సీసా పట్టుకెళ్ళి బియ్యం డబ్బా వెనకాల దాచేసింది. ఆ మీసాల మనిషిని పట్టుకుని కన్నతల్లి, "ఏటి కావాల తల్లీ? మజ్జిగ తాగుతావా అమ్మా?" అని బతిమాలుతుంటే మొదటి రోజు నేను వంటింట్లోకి పారిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు.

కలువల సంగతి చెప్పకపోతే నా గోడు మీకు అర్థం కాదు.

తాల్‌బగీచాలో మా మేడ మీద ఉన్నవి ఇక్కడి చెరువుల్లో పూసే కలువలు కావు. థాయిలాండ్ రకాలు. కలువల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఫోన్లో ఒక గుంపు ఉంది. అందులో పరిచయమైనవాళ్ళు కొరియర్లో దుంపలు పంపుతారు. తడి కాగితంలో చుట్టిన దుంప రేగిపండంత ఉంటుంది. సిమెంటు కలుపుకునే నల్లటి ప్లాస్టిక్ తొట్టి కొని, చెరువు అడుగు బంకమన్ను తెప్పించి, ఆవచెక్క కలిపి, దోమలు చేరకుండా గప్పీ చేపలు వదిలి, ఆ దుంప పాతాలి. మొదటి ఆకు నీళ్ళ పైకి వచ్చి విచ్చుకునేదాకా నాకు అన్నం సహించదు.

మా ఆయనకి ఇదంతా వేళాకోళం. "తాగడానికి నీల్లు రావు గాని, మా ఆవిడ మేడ మీద సెరువు తవ్వినాది," అని డ్యూటీలో అందరికీ చెప్పి నవ్విస్తాడు. పక్కింటి బెంగాలీ దీదీది ఇంకో రకం గోల. వాళ్ళ మేడా మా మేడా కలిసే ఉంటాయి. పిట్టగోడ మీంచి తొంగిచూసి, "ఇంత షాప్లా పెంచుతావు బౌదీ, ఒక్కసారైనా ఆ కాడలు రొయ్యలేసి వండవేం?" అని ఏటేటా అడుగుతుంది. వాళ్ళు వదినని బౌదీ అంటారు, కలువని షాప్లా అంటారు. మనకి తోటకూర కాడ ఎంతో, వాళ్ళకి దాని కాడ అంత. ఇవి తినే రకాలు కావు దీదీ అంటే నమ్మదు. పీనాసిదాన్ని అనుకుంటుంది.

పెంచడంతో ఊరుకుని ఉంటే బాగుండేది. పసుపు కలువనీ నీలం కలువనీ కలిపి, ఎవరి దగ్గరా లేని ఒక కొత్త కలువని నా మేడ మీద పుట్టించాలని నాకు పట్టుకుంది. దానికో పద్ధతి ఉంది. కలువ విచ్చుకున్న మొదటి రోజు ఆడది. పువ్వు నడిమధ్య చిన్న గిన్నెలాంటి గుంట ఉండి, దాని నిండా తియ్యటి నీరు ఊరుతుంది. ఆ నీట్లో వేరే పువ్వు పుప్పొడి పడితేనే కాయ కడుతుంది. మర్నాటికి ఆ నీరు ఇంకిపోయి, అదే పువ్వు మగదైపోయి, తన పుప్పొడి తనే రాల్చడం మొదలుపెడుతుంది. అంటే నా చేతిలో ఉన్నది ఒకే ఒక్క పొద్దు. ఆ పొద్దు తప్పిపోతే అంతే.

ఒక ఏడు ఆ పొద్దున వాన కొట్టింది. ఇంకో ఏడు ఇంటికి చుట్టాలొచ్చారు, వాళ్ళకి టీలు పెట్టి ఇడ్లీలు పెట్టి మేడెక్కేసరికి పువ్వు వయసు దాటిపోయింది. పసుపు రకాలన్నీ కాయ కట్టవు. కట్టే రకం నా దగ్గరున్నది ఒక్కటే. అది ఈ చలికాలం చావు తప్పి కన్ను లొట్టపోయి బతికి, నాలుగంటే నాలుగాకులు వేసి, ఒక్క మొగ్గ ఎత్తింది. ఆ మొగ్గ కోసం నీలం కలువ పుప్పొడి దులిపి, నా పాత కుంకుమ భరిణెలో పెట్టి, ఫ్రిజ్‌లో పెరుగ్గిన్నె పక్కన దాచాను. అత్త ఒకసారి అది పసుపనుకుని గుమ్మానికి రాయబోతే చేతిలోంచి లాక్కున్నాను. "నీ పసుపు బంగారం కానూ!" అని మెటికలు విరిచింది. అదేమిటో ఆవిడకి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

చెప్పేదేమైనా ఉంటే మా ఆయనకే చెప్పేదాన్ని. అత్త పెందలాడే తిని పడుకుంటుంది. రాత్రి భోజనాల దగ్గర మేమిద్దరమే ఉంటాం. ఆయన ఫోను చెంబుకి ఆనించి క్రికెట్ చూస్తూ తింటాడు. నేను ఏ దుంప లేచిందో, ఏ ఆకుకి పేనుబంక పట్టిందో, ఆడపువ్వేమిటో మగపువ్వేమిటో, గిన్నె ఏమిటో, పొద్దున్నే ఎందుకు వెయ్యాలో, అంతా చెప్పుకుపోతాను. ఊఁ అనడు, ఆఁ అనడు. గోడకి చెప్పుకున్నా నయమే అని విసుక్కుంటూ మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

సరే, సంచీ జారిపడిన చోటికి వస్తాను.

"అత్తా, అవి నా కలువలు," అన్నాను గుసగుసగా. అరవడానికి లేదు గదా. జీవితంలో అంత పెద్ద కోపాన్ని అంత చిన్న గొంతుతో నేనెప్పుడూ పలకలేదు.

"ఏటి సెయ్యమంటావే మరి? ఏపాకు ఈనెలు గుచ్చుకుంటన్నాయన్నాడు. అరిటాకు ఎచ్చబడిపోయి ఈపుకి అంటుకుపోనాది. 'సల్లగా ఏదైనా ఎయ్యే అమ్మా' అని గోల. అమ్మ నోరు తెరిసి అడిగితే లేదంటానేటి? మేడెక్కినాను. కత్తి పెట్టలేదులే, సేత్తోనే తుంచినాను."

మోకాళ్ళ నొప్పులని వీధరుగు దిగని మనిషి మేడెక్కింది! నేను మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. పైకి వెళ్ళి చూద్దును గదా, తొట్లన్నీ బోడిగా ఉన్నాయి. నల్లటి నీళ్ళలో తెగిన కాడలు తేలుతున్నాయి. నీడ పోయిన గప్పీలు ఎండకి తాళలేక తొట్టి అంచుల కిందకి దూరుతున్నాయి. మొగ్గల్ని కూడా వదల్లేదు మహాతల్లి. అమ్మ పూజకి పనికొస్తాయని కాబోలు, తుంచి పిట్టగోడ మీద వరసగా పెట్టింది. అవి అప్పుడే వడిలి మెడలు వాల్చేశాయి.

"అయ్యయ్యో, ఆకులన్నీ తీసేశావా బౌదీ?" దీదీ గొంతు అవతలి మేడ మీంచి. "మంచి పని చేశావు. మరి కాడలు నాకిస్తావా?"

ఆ మాటకి ఏం జవాబు చెప్పానో నాకు గుర్తు లేదు. మంచి మాటైతే కాదు. వారం రోజులు దీదీ నాతో మాట్లాడలేదు.

అప్పుడు తల తిప్పి చూశాను. నీళ్ళ ట్యాంకు పక్కన ఎత్తు దిమ్మ ఉంది. దాని మీద పసుపు కలువ తొట్టి. దిమ్మకి ఉన్నది ఇనుప నిచ్చెన, అది ఎక్కడం అత్త వల్ల కాలేదు. నిచ్చెన ఎక్కి చూస్తే నాలుగాకులూ ఉన్నాయి. మొగ్గ నీళ్ళ మీదకి నిటారుగా నిలబడి ఉంది, ఆకుపచ్చ రెక్కల సందుల్లోంచి పసుపు గీత తొంగిచూస్తోంది. రేపు పొద్దున విచ్చుకుంటుంది. ఆ దిమ్మ మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఉన్నవన్నీ పోయి ఇదొక్కటి మిగిలిందన్న సంతోషమో, ఇదీ పోతుందన్న భయమో, రెండూ కలిసే వచ్చాయి.

సాయంత్రానికి చాప మీది ఆకులు వడిలి పొరలు పొరలుగా ముడుచుకుపోయాయి. ఆయన లేచాడు. జ్వరం పెరిగింది. దురద తట్టుకోలేక గోడకి వీపు రాయబోతే ఇద్దరం పట్టుకుని పడుకోబెట్టాం. పొక్కులు నోట్లో కూడా లేచాయి, కొబ్బరినీళ్ళు మింగుడుపడడం లేదు. అత్త ఆయన చేతులకి మెత్తటి గుడ్డలు చుట్టింది. చుట్టి, నా వైపు చూసింది.

"ఆ టేంకు కాడ తొట్లో ఇంకా ఆకులున్నాయి గదే. నువ్వెక్కి పట్రా."

ఈ మాట వస్తుందని నాకు తెలుసు.

"నాలుగే ఉన్నాయత్తా."

"నాలుగైతే నాలుగు. ఈపుకి సాల్తాయి."

"అవి తుంచేస్తే ఆ దుంప సచ్చిపోద్దత్తా. అసలే ఓపిక లేని దుంప."

అత్త నన్ను ఎగాదిగా చూసింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఎన్నో గొడవలు పడ్డాం గాని, ఆవిడ నన్ను అలా చూడడం అదే మొదలు. "అమ్మ కంటే దుంపెక్కువైపోనాదేటే నీకు?" అంది.

ఎక్కువని ఎలా అంటాను? కాదని అంటే లేచి నిచ్చెన ఎక్కాలి. నా చెయ్యి చీర కుచ్చెళ్ళు పట్టుకుని నలుపుతోంది, కాళ్ళు కదలడం లేదు. ఆ నిమిషంలో నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా కాళ్ళు కదల్లేదు.

"సరే, అమ్మనే అడుగుదాం," అని అత్త చాప వైపు వంగింది. "తల్లీ, నీకు కలవాకులు కావాలా? కావాలంటే సెప్పు, ఇది తెత్తాది."

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. ఎంతసేపటికో బొంగురు గొంతు ఒకటి వచ్చింది.

"ఆ తొట్టి ముట్టకండి."

అత్త, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"రేపు పూత్తాది," అన్నాడు మళ్ళీ. ఒక్కో మాటకీ ఆయాసపడుతున్నాడు. "పొద్దున్నే... పుప్పొడెయ్యాల. మద్దినేలకి... వయసు దాటిపోద్ది."

అత్త గబుక్కున చాప ముందు మోకరిల్లి నేలకి నుదురు ఆనించింది. "అలగే తల్లీ, అలగే. ముట్టం తల్లీ. తప్పైపోనాది," అని లెంపలు వేసుకుంది. నేను మాత్రం కొయ్యబారిపోయాను. వీధిలో ఎవరో ఆటో స్టార్టు చేస్తున్నారు, అది స్టార్టవదు, మళ్ళీ మళ్ళీ గింజుకుంటోంది. ఆ చప్పుడు తప్ప నాకు ఇంకేమీ వినబడలేదు.

రాత్రంతా ఆయనకి కునుకు లేదు. తెల్లవారేసరికి ఆయన ఏడుస్తున్నాడు. మావగారు పోయినప్పుడు కూడా కన్ను తడవని మనిషి, చేతులకి గుడ్డలు కట్టించుకుని, చంటిపిల్లాడిలా, చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు. ఇలాంటి ఏడుపు ఈయనలో ఉందని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియదు.

ఎండ పొడ తగిలే వేళకి ఫ్రిజ్‌లోంచి భరిణె తీసుకుని మేడెక్కాను. నిచ్చెన ఎక్కాను. పువ్వు విచ్చుకుంది. అలాంటి పసుపు నేను చూడలేదు, ఇంక చూస్తానని కూడా అనుకోను. లేత ఎండలో రెక్కలు ఇంకా తడిగా ఉన్నాయి. నడిమధ్య గిన్నెలో నీరు నిండుగా తళతళలాడుతోంది, అందులో ఒక చీమ పడి ఈదుతోంది. నేను భరిణె మూత తీశాను. వేళ్ళతో చిటికెడు పుప్పొడి తీసుకున్నాను. ఎన్నేళ్ళ నుంచో ఎదురుచూసిన పొద్దు అదే.

కింద నుంచి ఆయన మూలుగు మెట్ల గుండా పైకి వినబడుతోంది.

పుప్పొడి వెయ్యడం చిటికెలో పని. ఆ తర్వాత కాయ ముదిరి విత్తనం కావాలంటే, ఈ నాలుగాకులూ ఇక్కడే ఉండి, వారాల తరబడి ఎండ తాగి ఆ దుంపని మోయాలి. అవి కింద చాప మీద ఉంటే ఇక్కడ కాయ ఉండదు. రెండూ జరిగే మార్గం లేదు. ఆ బొంగురు గొంతు నా చెవుల్లో ఇంకా వినబడుతోంది. ముట్టకండి అంది. నాకు ఒక్కసారిగా ఆయన మీద ఎక్కడలేని కోపం వచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ మనిషి మాట ఒక్కటీ నేను విన్న పాపాన పోలేదు. అమ్మవారయ్యాడని ఇప్పుడు వింటానా?

భరిణె దిమ్మ మీద పెట్టేసి, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ముంచాను. నాలుగాకులూ కాడలతో సహా లాగేశాను. పువ్వు కూడా లాగేశాను, ఆకులు లేకుండా అది ఒక్కర్తీ అక్కడ నిలబడితే నేను చూడలేను.

నీళ్ళు కారుతున్న ఆకులతో కిందకి దిగేసరికి అత్త గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, ఓలమ్మో! ముట్టొద్దని అమ్మ నోటితో సెప్పినాది గదే! ఎంత పని సేసినావే!"

"అమ్మతో నేను మాటాడుకుంటాను. నువ్వు జరుగత్తా."

ఆయన్ని పక్కకి ఒత్తిగిలించి ఆకులు పరిచాను. వీపు ఆ చల్లదనానికి తగలగానే ఆయన ఒళ్ళంతా ఒకసారి వణికి, సడలింది. పువ్వు తలగడ పక్కన పెట్టాను. కాసేపటికి గురక మొదలైంది. ఆ గురక ఇరవై ఏళ్ళుగా నన్ను నిద్రపోనివ్వని గురక. వేపమండ అందుకుని ఆ గురక వింటూ మధ్యాహ్నం దాకా విసురుతూ కూర్చున్నాను. మేడెక్కి చూసేసరికి భరిణె గాలికి పక్కకి దొర్లి ఉంది. అందులో ఏమీ లేదు.

తుంచిన తొట్లు చాలావరకు మళ్ళీ చిగురించాయి. పసుపుది మాత్రం లేవలేదు. మట్టిలో వేలు పెట్టి చూస్తే దుంప మెత్తగా కుళ్ళిపోయి చేతికి వచ్చింది. ఆ తొట్టి కడిగి బోర్లించాను. నీళ్ళు పోసే రోజున అత్త దాన్నే మేడ మీద ఎండలో పెట్టించింది. నల్లటి తొట్టి గదా, నీళ్ళు తొందరగా కాగుతాయంది. పసుపూ వేపాకూ వేసిన ఆ నీళ్ళతో ఆయనకి తలారా స్నానం చేయించాం. అమ్మవారిని సాగనంపాం. గుమ్మానికి కట్టిన వేపమండలు విప్పాం. చాన్నాళ్ళ తర్వాత మా వంటింట్లో తాలింపు చిటపటలాడింది, చారు వాసన వీధిదాకా వెళ్ళింది.

ఆయన పీట మీద కూర్చున్నాడు. మొహం నిండా మచ్చలు, మీసాలు ఊడ్చుకుపోయినట్టు పలచబడ్డాయి. అమ్మ వెళ్ళిపోయింది గనుక ఇంక తిట్టొచ్చు. ఇన్నాళ్ళూ మింగిన తిట్లన్నీ నా గొంతులో వరస కట్టి ఉన్నాయి. చారు గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"ఏటండీ, ఆ రోజు అలాగెందుకన్నారు?"

"ఏటన్నాను?"

"ఆ తొట్టి ముట్టొద్దని."

"నేనా? జొరంలో ఏటన్నానో, నాకేటీ గుర్తు లేదు."

"ఆడెందుకంటాడే?" అత్త గుమ్మంలోంచి అందుకుంది. "అన్నది అమ్మ. నేను సెవులారా ఇన్నాను. నువ్వే అమ్మ మాట దాటినావు, దుంప కుళ్ళిపోనాది."

నేను అత్త వైపు చూడలేదు. ఆయన వైపే చూస్తున్నాను.

"అమ్మవారే అన్నాదనుకుందాం. పొద్దున్నే వెయ్యాలని, మద్దినేలకి వయసు దాటిపోద్దని, అమ్మవారికి ఎవులు సెప్పినారు? నేను ఈ ఇంట్లో ఆ మాట ఒక్కరికే సెప్పినాను."

ఆయన తలెత్తలేదు. అన్నంలో గుంట చేసి, దాని అంచులు వేలితో మెల్లగా సర్దుతున్నాడు. చెంబుకి ఆనించిన ఫోన్లో మ్యాచ్ నడుస్తోంది, దాని వంక కూడా చూడడం లేదు.

"అమ్మోరికి తెలీనిదేటుంటాదే?" అన్నాడు. "సారు పొయ్యి."

గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది.